దినానికి ఎంత దూరం

రాయగడ బైపాసులో, పాత బళ్ళ యార్డులో
రెండిటినీ పక్కపక్కన నిలబెట్టాడు పాఢీ బాబు.
తెల్లది పెట్రోలు. ముప్పై ఒక్క వేలు తిరిగింది.
బ్యాంకు మేనేజరు వాడినది,
సీట్ల మీద ప్లాస్టిక్కు ఇంకా ఊడదీయలేదు.
ఇటుక రంగుది డీజిలు. తొంభై రెండు వేలు.
సీటు కింది పట్టాల్లో ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది,
గీకితే గోటిలోకొచ్చింది.
కాశీపురం వైపు మట్టి. నాకు తెలుసు.

తాళం తిప్పాను.
తెల్లది లేచిందో లేదో,
మీటర్లో ముల్లు కదిలితే గాని నమ్మలేదు.
డీజిలు లేచింది
గేరు కర్ర వణికి, డ్యాష్‌బోర్డు మీది ఎండు నిమ్మకాయ
దొర్లి నా కాళ్ళ దగ్గర పడింది.

నేను త్రాసులు సరిచేసేవాణ్ణి.
లక్ష్మీపురం, కాకిరిగుమ్మ, కుందులి, సంతసంతకీ
ఇరవయ్యేసి కేజీల ఇనప రాళ్ళు ఇరవై మోసుకుపోయి
అల్లం కాటాకీ చింతపండు కాటాకీ
ముల్లుని నడిమికి తెస్తాను.
పదిహేడేళ్ళు అద్దె జీపుల్లో, బస్సు టాపుల మీద.
ఈసారి సొంతానికి.

"పెట్రోలు ఘాటీలో తొమ్మిదిస్తే గొప్ప" అన్నాడు పాఢీ.
"నీ నాలుగొందల కేజీలు పడితే ఫస్టు గేర్లో ఏడుస్తుంది.
డీజిలు గుంజుతుంది. ఎనభై వేలు ఎక్కువ, అంతే."

బోనెట్లోంచి తల తీయకుండానే
మెకానిక్ టంకధర ఇంకో మాట చెప్పాడు.
డీజిలు పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుందట.
మసినంతా పట్టి దాచుకుంటుందట.
దూరం పోతే వేడెక్కి తనే కాల్చేసుకుంటుంది,
ఊళ్ళోనే తిప్పితే పేరుకుని పేరుకుని
ఊపిరాడక ఆగిపోతుంది. మార్చాలంటే లక్ష.
అప్పుడు తలెత్తి అడిగాడు:
"దినకు కేతే చాలిబ?"

"శహే కోడిఏ" అన్నాను.
నూటిరవై.
ఒడియాలో అబద్ధం తొందరగా వస్తుంది నాకు.
తెలుగులో అయితే ఎర్రయ్యమ్మ ముఖం చూస్తూ చెప్పాలి.

ఆవిడ చూడనే చూసింది.
"పోయిన్నెల్ల ఘాటీ ఎన్నిసార్లెక్కినావు?
నాలుగు. అందులోన ఒకటి పెళ్ళికి."

నిజమే. అల్లం షావుకార్లు
అంకెలు వెలిగే కాటాలు కొనుక్కున్నారు.
పోతే బ్యాటరీ మారుస్తారు, నన్ను పిలవరు.
ముల్లే లేనిదానికి నేనేం నడిమి చూపించను?
నాకు మిగిలినవి ఊళ్ళో మూడు పాతినుము కొట్లు,
మా గుమ్మం నుంచి నాలుగు కిలోమీటర్లు.
ఆ కొట్లలోనే రాళ్ళు కూడా అమ్మేయమంటుంది ఆవిడ.
న్యాయంగా తూస్తే తెల్లదే.

అయినా
పళ్ళెం కింద బొటనవేలు పెట్టాను,
పదిహేడేళ్ళలో మొదటిసారి.
డీజిలు కొన్నాను.

పన్నెండు రోజులకోసారి
మీటరు పక్కన నారింజ రంగు దీపం వెలుగుతుంది.
అప్పుడు పని లేకపోయినా ఘాటీ ఎక్కాలి,
ఇరవై నిమిషాలు ఎక్కడా ఆపకూడదు.
కూతురు జ్యోత్స్నామయి ముందు సీట్లో కూర్చుని
దీపాన్నే చూస్తూ ఒడియాలో అంకెలు లెక్కపెడుతుంది.
ఆరే చోటు ప్రతిసారీ ఒకటి కాదు.
ఓసారి కాఫీ తోట దగ్గర,
ఓసారి లక్ష్మీపురం దాటాక, వానలో.
ఎక్కడ ఆరితే అక్కడ దిగి టీ తాగుతాం,
టీ కొట్టు లేకపోతే ఊరికే నిలబడతాం.

మొన్న ఆరిన చోట ఒకామె
కర్ర త్రాసుతో కందులు తూస్తోంది.
ఎడమ పళ్ళెం చిటికెడు కిందికి.
అడక్కుండానే తాడు విప్పి ముడి మార్చాను.
ఆమె నా వైపు అనుమానంగా చూసి
దోసెడు కందులు పిల్ల గౌనులో పోసింది.

బండి వెనక ఇరవై రాళ్ళూ అలాగే ఉన్నాయి.
దించలేదు.
బండికి బరువు అలవాటు తప్పకూడదని
ఎర్రయ్యమ్మకి చెప్పాను, తెలుగులోనే.