రెండు డబ్బాల నీళ్లు

పోశెట్టి పొద్దూకినంక లేస్తడు.
దుప్పటి మడతపెట్టి, ఎప్పటి లెక్కనే
నన్ను అడుగుతడు: "తిన్నవా?"

జహ్రాల ఇగ మేమిద్దరమే.
రోగమచ్చిన యేడు కఫీళ్లు
పాస్‌పోర్టులు తిరిగిచ్చిన్రు. పోను విమానం లేదు.
సముద్రం నీళ్లను తియ్యగ చేసే మిషన్లు
ఒక్కోటి ఆగిపోయినయి.
క్యాంపు గోడ మీద బోర్డు మాత్రం ఉన్నది:
ఎండకాలం, పదకొండు నుంచి నాలుగు దాక
బయట పని బందు.
ఇప్పుడు పగలంత బందే వానికి.
నవ్వుదమంటే నా పెదవులు పగిలున్నయి.

చీకట్ల నడిచి షువైఖ్ రేవు దాక పోతడు.
ఒరిగిన ఓడలల్ల దేవులాడి
కావడి కట్టి రెండు డబ్బాలు తెస్తడు.
వాడు చుక్క ముట్టడు.

నెలకొకపారి, ఒకటో తారీఖు,
జీతమచ్చే దినం,
నేను చెయ్యి చాపుత.
బొంబాయిల మెడికల్‌కు సూది గుచ్చిన జాగనే,
గదే నరం.
అప్పుడు ఫిట్ అని ముద్రేసిన్రు.
వాడు మొకం తిప్పుకొని తాగుతడు.
తాగినంక ఏడుస్తడు. కండ్లల్ల నీళ్లు రావు,
ఒట్టి చప్పుడు,
ఎండిన బోరింగు కొట్టినట్టు.

ఎడారిల ఆరేండ్లు మేకలు కాసిన నేను.
పండుగకు వారం ముందుగాల
నీళ్లు ఎక్కువ తాపేటోన్ని,
ఖర్జూరాలు పెట్టేటోన్ని.
ఒక మేక నా అరచెయ్యి నాకేది.
దాని పేరు చెప్ప.
పోశెట్టి డబ్బాలు దించినప్పుడు
నేను వాని చెయ్యి నాకలేదు,
గంతే తేడా.

నిన్న రాత్రి ఒక్క డబ్బనే అచ్చింది.
ఇంకో బుజం మీద ఒక పిలగాడు.
నేపాలోడు. ఓడ అడుగున
డబ్బపాలు నాక్కుంట బతికిండట.
"మనిషి దొరికిండురా" అన్నడు పోశెట్టి,
పెండ్లిపత్రిక పంచేటోని మొకంతోటి.

నాకు సంబరం కావాలె.
ముందుగాల లెక్క యాదికచ్చింది:
నెలకొకపారి కాదిగ,
రెండు నెల్లకొకపారి.

పానీ, అన్నడు పిలగాడు.
గిలాస నిండ పోసిన. ఇంకో గిలాస పోసిన.
వాడు గుటగుట తాగుతుంటె
ఖాళీగున్న చెయ్యి నా ఒళ్లోకి తీసుకొని
మోచేతి మలుపుల బొటనేలితో ఒత్తి చూసిన.

నరం మంచిగున్నది.

లోపలికి పోయి
ఖర్జూరాలు ఎన్ని మిగిలినయో
చూసొచ్చిన.