సెప్టెంబర్ ముప్పై నాటికి

సెప్టెంబర్ ముప్పై నాటికి
మా ఊటకుంట బడిలో ఇరవై ముగ్గురు.
బాలురు పది, బాలికలు పదమూడు.
ఎస్సీ ఆరు, ఎస్టీ ఐదు, బీసీ పదకొండు,
మైనారిటీ ఒకటి, గాజుల రహీం బిడ్డ షమీమ్.
ఓసీ గడిలో సున్నా చుట్టాను.
ఆ సున్నా రోజూ పొద్దున ఏడున్నరకి
పసుపు వ్యాన్ చక్రమై మక్తల్ పోతుంది.

మాతృభాష: తెలుగు, లంబాడీ, ఉర్దూ.
సగం కన్నడం కలిపి తిట్టుకునే మా తెలుగుకు
వేరే కోడ్ ఏమీ ఇవ్వలేదు.
తరగతి గదులు రెండు. ఒకటి ఉరుస్తుంది.
ఉరుస్తుంది అనే గడి లేదు,
'చిన్న మరమ్మతు' అని పెట్టాను.
ఉపాధ్యాయులు ఒకరు, అంటే నేనే.
ఇరవై దాటితే ఇద్దరిని ఇవ్వాలని ఎక్కడో రాసి ఉందట.
ఆ ఎక్కడో
ఇంకా మా ఊరికి దారి అడుగుతూనే ఉంది.

బతుకమ్మ పూలు కుంటలో తేలుతుండగానే
మేస్త్రి డీసీఎం తెచ్చి బడి గోడ పక్కన ఆపాడు.
మూటలు, రొట్టెల పెంక, జొన్నపిండి సంచి,
సంచి మీద మూడో తరగతి కుర్మమ్మ.
"సార్, పుస్తకం తీస్కపోవాల్నా, ఇచ్చిపోవాల్నా?"
తీసుకపొమ్మన్నాను.
పుణెలో, తల్లి సిమెంటు మోస్తున్న పదకొండో అంతస్తు కింద
ఇసుక కుప్ప మీద
ఆ పిల్ల ఏ పేజీ తెరిచిందో నాకు తెలియదు.
తొమ్మిది పేర్ల ఎదురుగా గై, గై, గై
ఎర్రసిరాతో వరసగా రాస్తుంటే
ఎవరినో పొలిమేర దాకా తరిమినట్టు ఉండేది.

డిసెంబర్ చలికి
ఊరవతల ఇటుక బట్టీల్లో పొగ లేచింది.
ఒక సోమవారం, అన్నం గంట కొట్టగానే
గేటు దగ్గర ఐదుగురు.
ఒరిస్సా పిల్లలు. చేతుల్లో పళ్ళాలు.
పెద్దవాడి పేరు టుకునా.
మొగులమ్మ నన్ను అడగలేదు,
పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోసింది.
పద్నాలుగు మంది బియ్యం పంతొమ్మిది మంది తిన్నారు.
గుడ్లను మాత్రం నీళ్ళతో పెంచలేం.
దారంతో కోసింది.

మర్నాడు అన్నానికి ముందే వచ్చారు.
వాచకంలో బొమ్మ చూపించి "ఇ అంటే?" అన్నాను.
"ఇల్లు!" మావాళ్ళు కప్పు ఎగిరేలా అరిచారు.
టుకునా బొమ్మలోని గోడ మీద వేలు పెట్టి
"ఇటా" అన్నాడు మెల్లగా.
ఇల్లు వాడికి ఒక్కో ఇటుకగానే తెలుసు.
వెయ్యికి అమ్మానాన్నలకు ఎంత,
విరిగినవాటికి కోత ఎంత, అడ్వాన్సులో ఇంకా తీరనిది ఎంత,
అన్నీ నోటితోనే చెప్పేస్తాడు.
అప్పు తెచ్చుకునే తీసివేతలు
వాడికి నేను నేర్పనక్కర్లేదు.

ఫిబ్రవరి ఆఖర్న పరీక్ష.
ట్యాబ్ పట్టుకొని ఒకాయన వచ్చాడు.
ధారాళంగా చదివినవాళ్ళు ఎనిమిది మంది.
ఇరవై మూడుతో భాగించాడు.
ముప్పై నాలుగు పాయింట్ ఏడు ఎనిమిది.
మండలంలో కింది నుంచి రెండో బడి.
"తొమ్మిది మంది ఊళ్ళోనే లేరు సార్."
"నమోదుల ఉన్నరు గద."
"ఈ పిలగాడు చదువుతడు, ఒక్కసారి వినండి."
"నమోదుల లేడు గద."
టుకునా అప్పటికే లేచి నిలబడ్డాడు.
ఆయన బండి స్టార్టు చేస్తుంటే
నాలుగు వాక్యాలు చదివాడు.
ఒక ఒత్తు దగ్గర ఆగి, గుటక మింగి,
దాటాడు.

హాజరు పట్టీ చివరి పేజీలో
ఐదు పేర్లు పెన్సిల్‌తో ఉన్నాయి.
తనిఖీకి ముందే చెరిపేయమని ఫోనొచ్చింది.
స్టాకు రిజిస్టర్ తీసి చూశాను.
సుద్దముక్కలు రెండు డబ్బాలు, చీపుళ్ళు మూడు,
రబ్బర్లు సరఫరా కాలేదు.
ఆ మాటే జవాబుగా రాసి
సంతకం పెట్టాను.