వీసం తక్కువ

మా ఊరి పేరే ఒక అంకె.
త్రెయింతా ఇ త్రెస్, ముప్పయి మూడు.
ఉరుగ్వేలో ఎవరిని అడిగినా దారి చెబుతారు.
అంకెతో పిలిస్తే పలికే ఊళ్లో
అంకె చెరిగిన ఇనుముకు
పేరు వెతికిపెట్టడం నా కొలువు.

ఏప్రిల్. కోతల రాత్రి.
ఒలిమార్ ఏటి మీంచి చలి,
ఊక వాసన కప్పుకుని పడుకుంది ఊరు.
మిల్లు నిద్రపోలేదు, ఆగిపోయింది.
ఆ రెంటికీ తేడా లారీ డ్రైవర్లకు తెలుసు.
గేటు దాకా పదకొండు లారీలు,
లోలోపల వేడెక్కుతున్న తడి ధాన్యం.

స్టోరు కిటికీలోంచి ఎబెర్ గుడ్డమూట తోశాడు.
"పై ఎలివేటరుది, నిబియా.
ఇలాంటిదే ఇంకోటి ఇవ్వు."

ఇలాంటిదే.
ఇరవై రెండేళ్లుగా ఈ కిటికీలో
నేను ఎక్కువసార్లు విన్న అబద్ధం.

మూట విప్పాను.
పోత ఇనుప పీట, అందులో కమిలిన ఉంగరం,
ముదురుపాకమై మాడిన కందెన.
నంబరు ఉండాల్సిన చోట పొరలు పొరలుగా రంగు,
రంగు కింద ఎవరిదో సుత్తిదెబ్బ.

ముందు కూర్చున్న తీరు చూస్తాను.
పీటేసుకు కూర్చునేదా,
నాలుగు బోల్టులతో గోడకు వీపు ఆనించేదా,
బెల్టు బిగువు కోసం చట్రంలో
ముందుకీ వెనక్కీ జరిగేదా.
ఇది పీట రకం.
బోల్టుకూ బోల్టుకూ నడుమ నూట యాభై తొమ్మిది.
అడుగు నుంచి ఇరుసు గుండెకు
యాభై ఏడూ, ఒక చిటికెడూ.

తర్వాత పట్టు.
కొన్ని కాలరు తిప్పి బిగిస్తాయి.
కొన్ని చీలిన తొడుగుతో చుట్టూరా వాటేసుకుంటాయి.
ఇది మెడ మీద రెండు స్క్రూలు గుచ్చి
కదలకు అనే రకం.

"రెండొందల పది. నాకూ తెలుసు" అన్నాడు ఎబెర్.
"అదిగో అరలో. యాభై మిల్లీమీటర్లది."
నిజమే, ఉంది.
పీట పక్కన పీట పెడితే కవలలు.
"రంధ్రం కొలిచావా?"
"చూస్తే తెలియదూ?"

తెలియదు.
ఆ ఎలివేటరు ఓడలో వచ్చింది,
అంగుళాలతో ఆలోచించే దేశం నుంచి.
పాత ఉంగరంలో కాలిపరు దవడలు విప్పాను.
నలభై తొమ్మిది పాయింటు రెండు.
అంటే రెండంగుళాలకు వీసం తక్కువ.

"వెంట్రుకవాసి!" నవ్వాడు.
పది వెంట్రుకలు, ఎబెర్. పక్కపక్కన.
ఆ సందులో ఇరుసు రోజంతా
తల బాదుకుంటుంది.

"బీరు డబ్బా రేకు చుట్టేద్దాం.
మీ నాన్న చుట్టలేదా?"

చుట్టాడు.
వరద వచ్చిన ఏడాది, ఇలాంటి రాత్రే.
తొమ్మిది రోజులు తిరిగింది.
పదో రోజు ఇరుసును బయటికి లాగితే
ఎలుక కొరికిన మొక్కజొన్న కంకి.
వాల్దెమార్ చెయ్యి తప్పదని
మిల్లంతా అనుకునే రోజులవి.
రేకు సంగతి నాన్న ఎలా చెప్పుకున్నాడో తెలియదు,
ఆ రేకు కత్తిరించింది ఎవరో మాత్రం
ఎవరికీ చెప్పలేదు.
నాకప్పుడు పదకొండేళ్లు.
కత్తెర నాది, బడిది.

నిచ్చెన వేసుకుని వెనక అర వెతికాను.
నాలుగు పెట్టెలు, మూడు తప్పు.
నాలుగోదాని మీద రెండొందల పది,
పక్కన చిన్న గీత, గీత పక్కన ముప్పయి ఒకటి.
ముప్పయి ఒక్క వీసాలన్నమాట.
మా ఊరికి రెండు తక్కువ.

"స్క్రూలు చివరికి బిగించు.
ముందు పీటను కుదురుకోనివ్వు,
లోపలి ఉంగరం కాస్త ఒరిగి తన చూపు తానే సరిచేసుకుంటుంది.
అవతలి కొసను మరీ బంధించకు,
వేడెక్కితే ఇరుసు పెరుగుతుంది."
సగం వినే మెట్లెక్కాడు.

మాతే చల్లారింది. అయినా పీల్చాను.
కాసేపటికి పైకప్పు వణికింది,
మొదటి లారీ గేరు వేసింది.

గాలికి తలుపు కొట్టుకుంటోంది.
కొరికిన ఆ ఇరుసు ముక్కను
కాలితో దాని కిందకు తోశాను.
దానికి నంబరు లేదు.
నేను వెతకనూ లేదు.