ఏడో వరుసలో ఖాళీ

శనివారం మధ్యాహ్నం మూడింటికి
నరాండెరా ఊరి హాలు తలుపులు మూసి
నాన్న కొవ్వొత్తులు గీకేవాడు,
కొబ్బరి కోరినంత ఓపిగ్గా.
తెల్లటి తురుము నేలంతా చల్లి
గోనెసంచి పరిచి "ఎక్కండర్రా" అనేవాడు.
నేనూ, మంగలి డన్‌స్టన్ గారి కవలలూ ఎక్కితే
పెద్ద పిల్లలు తాడు పట్టి లాగేవాళ్ళు,
ఈ గోడ నుంచి ఆ గోడకి, మూలమూలకీ,
మా పిర్రల కింద చెక్క అద్దమయ్యేదాకా.
ఆ రాత్రి ఫాక్స్‌ట్రాట్ అంత నున్నగా జారిందంటే
సగం పుణ్యం మాది.

నాన్న మాత్రం ఆడడు.
మోకాలి కిందిది తన దగ్గరే ఉంచుకుని
మిగతా మనిషిని ఇంటికి పంపింది యుద్ధం.
చెక్క కాలు, దాని కొసన రబ్బరు బిళ్ళ.
తలుపు దగ్గర టిక్కెట్లు చింపుతూ
జనం కాళ్ళకేసే చూసేవాడు, మొహాలకేసి కాదు.

ఆదివారం, చర్చి గంటకి ముందే,
చీపురు ముట్టకుండా నేల చదివేవాడు.
"ఈ పొడుగు గీర
రొట్టెల పాస్కో పెళ్ళాం ఐడా ఎడమ మడమది.
పక్కనున్న బూటు పాస్కోది కాదు.
ఇక్కడెవడో చార్ల్‌స్టన్ కొత్తగా నేరుస్తున్నాడు,
కోడి కెలికినట్టుంది చూడు.
ఇక్కడ ఇద్దరు ఆగిపోయారు.
పాట ఆగలేదు, వాళ్ళే ఆగారు."
చదివి, తుడిచేసేవాడు.
విన్నది నేను గడప దాటించకూడదు.

ఇరవై ఎనిమిది చలికాలంలో
సిడ్నీ నుంచి ఒక రెవ్యూ కంపెనీ దిగింది.
పన్నెండుమంది అమ్మాయిలు, ఈకల పెట్టెలు,
ఒక హాస్యగాడు, జలుబు చేసిన ఒక రాకుమారుడు.
రెండో ఆట విరామంలో మేనేజరు
డబ్బుపెట్టెతో సహా రాత్రి రైలెక్కేశాడు.
మిగతా సగం వాళ్ళు ఉత్తినే ఆడారు,
ఎందుకంటే జనం ఇంకా కూర్చునే ఉన్నారు,
ఎందుకంటే పియానో మిసెస్ ఓట్స్‌కి
సంగతి ఎవరూ చెప్పలేదు.

చార్జీలు పోగయ్యేదాకా నాలుగు రోజులు
తలో ఇంటా తల దాచుకున్నారు.
మా వంటింట్లో వెల్మా రస్క్.
అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు.
ట్యాప్ బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టి
దుంపల తొక్కు తీస్తూ చెప్పింది:
"వరసలో ఎడమ నుంచి నాలుగోదాన్ని.
నా మొహం ఎవరికీ గుర్తుండదు.
కాళ్ళు గుర్తుంటాయి,
అవి కూడా పన్నెండు జతల్లో కలిసిపోయి."
నాన్న ఏమీ అనలేదు.
ఇంకో దుంప అందించాడు.

ఆమె రైలెక్కిన పొద్దున
ఆదివారం కాకపోయినా హాలు తెరిచాడు.
మధ్య కిటికీ ఎదురుగా నేలమీద
ట్యాప్ బిళ్ళల సన్నటి గాట్లు, చుట్టూ చుట్టూ.
వాటి మధ్య
పెన్నీ అంతంత గుండ్రటి నల్ల మచ్చలు,
ముందు తడబడుతూ,
తర్వాత తడబడకుండా.
"ఇది చదువు నాన్నా."
"అక్షరాలు ఆనడం లేదు" అని
ఉన్న మోకాలు వంచి
మొదటిసారి, చదవకుండా తుడిచాడు.
మచ్చలు పోయాయి. గాట్లు పోలేదు.

ముప్ఫైలో మాట్లాడే బొమ్మలొచ్చాయి.
తెరమీద రెండొందల కాళ్ళు ఒక్కసారే లేచేవి,
చీకట్లో మన కాళ్ళు కుర్చీ కిందే గునిసేవి.
మిసెస్ ఓట్స్ పియానోకి దుప్పటి కప్పింది.
కమిటీ కుర్చీలు నేలకు బిగించమంది.
మరలు తిప్పింది నాన్నే,
పదహారు వరుసలు,
ఒక్కో మరకీ చెక్క కీచుమంటుంటే.

లెక్కపెట్టుకుంటూ వచ్చిన కమిటీ మనిషి
ఏడో వరుసలో ఆగాడు.
"రెండు కుర్చీల చోటు వదిలేశావేం, క్లెమ్?"
"పలక పుచ్చింది. బరువాగదు."

అతను వెళ్ళాక మడమతో తట్టి చూశాను.
సైప్రస్ చెక్క.
చెదపురుగులు పళ్ళూడగొట్టుకుని
వెనక్కి పోయే చెక్క.
ఖంగుమంది.
మరల డబ్బాకి మూత బిగిస్తూ
నాన్న నాకేసి చూడకుండా
"పుచ్చిందన్నానుగా" అన్నాడు.