కూతవేటు

ఏడో నంబరు బస్సు నాది.
ఆట ఉన్న శనివారం పొద్దున తొమ్మిదింటికి
లైబ్రరీ మెట్ల దగ్గర ఆపుతాను.
ముఖాలకి ఊదారంగు పూసుకున్న పిల్లలు
నిద్రకళ్ళతో ఎక్కుతూ
"మిస్ వెర్నా, తిరుగు బస్సు ఎన్నింటికి?" అంటారు.
ఆట ఇంకా మొదలవనే లేదు.
దూరమంటే మైళ్ళు కాదు, ఆ ప్రశ్న.

మైళ్ళైతే పదకొండు.
హైవే దిగాక పరుపుల గోదాము,
పాత కార్ల వేలంపాట స్థలం,
కోత అయిపోయిన మొక్కజొన్న చేను,
ఆ చేనంత పార్కింగు,
దాని చివర, ఎవరో మర్చిపోయి వెళ్ళిన గిన్నెలా
స్టేడియం.

మా అమ్మ రోజుల్లో
మైదానం కెమిస్ట్రీ భవనం వెనకే.
కూతవేటు దూరం అంటారే, అక్షరాలా అంతే.
టచ్‌డౌన్ పడితే
ప్రయోగశాలలో గాజు గొట్టాలు గలగలమనేవి.
ఆటంటే గిట్టని వాళ్ళకీ స్కోరు తెలిసిపోయేది.
అమ్మ పెరట్లో దుప్పటి ఆరేస్తూ
తల తిప్పకుండా చెప్పేది:
"ఇది మన అరుపు కాదు. నది అవతలి వాళ్ళది."

నది అవతలంటే హార్లన్ టెక్.
ముప్పై ఎనిమిది మైళ్ళు, ఒక ఇనప వంతెన.
తొంభై ఒక్క ఏళ్ళు
ఒక బొగ్గుపార కోసం కొట్టుకున్నాం.
నిజం పారే. పిడి విరిగితే
మా ఎల్బర్ట్ మామయ్య కొత్త కర్ర వేసిచ్చాడు,
అదీ మేం ఓడిపోయి అప్పగించాల్సిన ఏడాది.
కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు.
మా ఊరు రెండూ అక్కడే చేసింది.
మా ఆయన ఓరిన్ అవతలివాడు.
నవంబరులో మాత్రం పెళ్ళి వద్దని
రెండు కుటుంబాలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి;
అదే మొదలు, అదే ఆఖరు.

పోయిన వేసవిలో కాన్ఫరెన్సు మారింది.
ఎక్కడో అద్దాల గదిలో
ఎవరో దేశపటం మీద వేలు పెట్టి జరిపారట.
టీవీ డబ్బు, అన్నారు.
దూరపు కొండలు నునుపే,
ఈసారి ఆ నునుపుకి ధర కూడా కట్టారు.

ఇప్పుడు మా పగవాళ్ళు
మూడు గంటలు వెనకున్న గడియారంలో నిద్రలేస్తారు.
అక్కడ మావాళ్ళు ఓడేసరికి ఇక్కడ అర్ధరాత్రి.
వాళ్ళ జెండా మీద నీటికుక్క.
నీటికుక్కని ఏమని తిట్టాలో
మా పిల్లలకింకా చేతకాదు.
తిట్టు ముదరడానికీ ఏళ్ళు పడుతుంది,
ఊరగాయలాగే.

వాలీబాల్ ఆడే టియొడోరా
మంగళవారం విమానమెక్కి గురువారం దిగుతుంది.
ఎయిర్‌పోర్టు నుంచి నా బస్సులోనే, వెనక సీట్లో,
ఎముకల పేర్లు వల్లెవేస్తూ నిద్రపోతుంది.
స్టాపు దాటినా లేపను. ఇంకో చుట్టు తిప్పుతాను.

నవంబరు మూడో శనివారం.
పాత లెక్కయితే పార రోజు.
ఆట లేదు, ట్రిప్పు లేదు.
గ్యారేజీలో బస్సు చక్రాలు కడుగుతున్నాను.
కెమిస్ట్రీ భవనం వైపు నుంచి ఒక అరుపు.
నీళ్ళ గొట్టం చేతిలోనే ఉంది, తల తిప్పలేదు.
ఇది మనది కాదు, అన్నాను
ఎవరికో.

వెళ్ళి చూస్తే
మైదానం మీద వేసిన కార్ల పార్కింగులో
ఆకుపచ్చ జాకెట్లు ఆరు, మావాళ్ళు ఏడుగురు,
తెల్లగీతల మధ్య బంతి.
ఒకడి మోకాలు తారుకి గీరుకుపోయింది.
పార ఎక్కడుందని ఎవరూ అడగలేదు.
నాకూ తెలీదు.

వాళ్ళ కారు అద్దం మీద అప్పుడే
జరిమానా చీటీ, నలభై డాలర్లు.
తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను.
వంతెన మీద టోలు ఎలాగూ
వాళ్ళే కట్టుకొచ్చారు.