పద్నాలుగో బేరింగు

వియేనో కర్పినెన్ కర్రతో వింటుంది.
ఒక కొస బేరింగు పెట్టె మీద,
ఇంకో కొస చెవి వెనక ఎముక మీద.
భూర్జ కర్ర. క్యాంటీన్ కుర్చీ విరిగినప్పుడు
దాని కాలు తెచ్చి తనే చెక్కుకుంది.

బయట కీమి నది గడ్డకట్టి ఉంది,
సున్నాకి ఇరవయ్యారు డిగ్రీలు కింద.
లోపల, కాగితం ఆరే చోట,
చొక్కా పిండితే చెంబెడు నీళ్లు.

చేరిన వారం అడిగాను, ఏం వినాలని.
"వాన చప్పుడైతే వదిలెయ్.
కంకర నమిలినట్టుంటే పరుగెత్తు."

నా బొటనవేలి మీద ఒక చుక్క వేసి
చూపుడువేలితో రుద్దమంది.
"మధ్యలో ఎంతుంది?"
ఏమీ లేదన్నాను.
"ఆ ఏమీ లేనిదాని మీదే
పదకొండు టన్నుల రోలరు తేలుతోంది."

నమ్మడానికి నాకో చలికాలం పట్టింది.
ఇరుసు తిరుగుతూ తిరుగుతూ
తన కిందికి తానే నూనెను లాక్కుంటుందని,
సన్నటి సందులో ఇరుక్కున్న నూనె
పోయే దారి లేక ఇరుసునే పైకెత్తుతుందని,
వెంట్రుకను పది చీలికలు చేస్తే
అందులో ఒక చీలికంత ఎడమని,
ఆ ఎడమున్నంత కాలం
ఇనుముకి ఇనుము ఎదురుపడదని.

ఉక్కు కందిపోకుండా చూసేదే కందెన.
కందిన ఉక్కుని ఒకసారి చూపించింది,
అటక మీద దాచిన పాత ఇరుసు ముక్క:
ముందు గడ్డిరంగు, ఆ పక్కన ఊదా,
చివర నెమలికంఠం.
"అందంగా ఉంది కదూ.
ఆ రాత్రి పైపులో చెత్త అడ్డుపడింది. నేను నిద్రపోయాను."
ఇంకేం చెప్పలేదు.

నూనెకి ఒక్క పనే అనుకునేవాణ్ణి.
అది వేడిని మోసుకుపోతుంది,
రాలిన రజనుని జల్లెడ దాకా ఈడ్చుకుపోతుంది,
దొంగలా దూరిన ఆవిరి చుక్కల్ని
తనలో దాచలేక మజ్జిగలా తెల్లబోతుంది.
సీసా ఎత్తి చూసి ఆమె తిట్టేది,
నూనెని కాదు, ఆవిరి గొట్టాన్ని.

ఎక్కువ అరిగేది పూర్తి వేగంలో కాదట.
కదిలీ కదలని ఆ మొదటి క్షణాల్లో.
అందుకే ప్రతి సెలవు తర్వాతా
అందరికంటే గంట ముందొచ్చి
పంపు వేసి, చలికి బెల్లంపాకమైన నూనెను
వెచ్చబెట్టి, గొట్టాల్లోకి పంపి,
అప్పుడు స్విచ్చు వైపు తల ఊపేది.

మార్చిలో మిల్లు మూసేస్తున్నట్టు ఉత్తరం.
వియేనో దాన్ని దీపానికెత్తి చూసింది.
"మన కాగితం కాదు" అంది.

ఆఖరి రాత్రి ఫోర్‌మన్ ఊర్పో స్విచ్చు నొక్కాడు.
నలభై నిమిషాలు పట్టింది రోలర్లు ఆగడానికి.
వియేనో పంపు మాత్రం ఆపనివ్వలేదు.
పద్నాలుగో బేరింగు దగ్గర కర్ర నా చేతికిచ్చింది.
వాన. సన్నటి వాన. చినుకులు.
తర్వాత తడిగుడ్డ ఎవరో నేలమీద ఈడ్చినట్టు.
తర్వాత పొడిగుడ్డ.
"కూర్చుంది" అన్నాను.
ఆమె అప్పుడు పంపు ఆపింది.

మిషను ఎక్కడికో అమ్ముడుపోయింది.
విప్పదీసేవాళ్లు వచ్చిన రోజు ఆమే వచ్చింది,
చిక్కటి గోధుమరంగు గ్రీజు డబ్బాతో.
"నీకిప్పుడు జీతం లేదు" అన్నాడు ఊర్పో.
"ఆరు వారాలు సముద్రం మీద. ఉప్పుగాలి" అంది.
ఒక్కో ఇరుసునీ ఒట్టి చేతులతో పూసింది,
మెడ దగ్గర, గాడి లోపల,
ఎవరూ చూడని అడుగు వైపు కూడా.

చేతులు తుడుచుకుని ఇనప మెట్లు దిగింది,
పక్కవాటుగా, కమ్మీ పట్టుకుని.
ఆమె మోకాళ్లలో గుజ్జు ఎప్పుడో అరిగిపోయింది.
మిషన్లు లేని ఆ హాల్లో
నాకు కర్ర లేకుండానే వినిపించింది,
మెట్టు మెట్టుకీ,
కంకర.