రెండు సెకన్ల గుసగుస

ఒటారు రేవు మీద మంచు.
షెడ్డులో నా ముప్ఫై ఏళ్ల ఎర్రబండి
తాళం తిప్పితే గిరగిరమంటుంది,
అందుకోదు.

"టర్బో పోయింది" అన్నాడు చేపల లారీ డ్రైవరు.
"టర్బోయే" అన్నాడు టీ కోసం వచ్చిన అతని బావమరిది.
తొకునాగా ఏమీ అనలేదు.
ఊపిరే మొదలవని ఒంట్లో
ఈల వేసేవాణ్ణి తప్పుపట్టి ఏం లాభం?

ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.
పొడి. పెట్రోలు వాసనే లేదు.
నిప్పురవ్వ మాత్రం నీలంగా, నిక్షేపంగా.

రేడియో కట్టేయమంది.
నన్ను వెనక సీటుకి చెవి ఆనించమంది.
తాళం ఒక్క మెట్టు తిప్పి,
"వినపడిందా?"
ఏంటి?
"అదే మరి."

ట్యాంకులో పంపు మేలుకునే
రెండు సెకన్ల గుసగుస.
పన్నెండేళ్లు తోలాను ఈ బండి,
అదొకటి ఉండేదని
ఇవాళ, అది లేనప్పుడు, తెలిసింది.

డాష్‌బోర్డు కింద అగ్గిపెట్టెంత రిలే.
మూత ఊడదీసి భూతద్దం పెడితే
టంకం చుట్టూ వెంట్రుకవాసి పగులు.
వేడి మొన తాకించింది.
సీసం ఒక్కసారి మెరిసి సర్దుకుంది.

బండి దగ్గింది, దగ్గింది,
అందుకుంది.
"చెప్పలా, టర్బోయేనని!" అన్నాడు డ్రైవరు.
ఆమె చేతులు తుడుచుకుని
రేడియో మళ్లీ పెట్టింది.